రచన అని కాదు, సేకరణ అని రాయండి: జానపద పాటల చానళ్లవారికి బహిరంగ లేఖ

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మంచిర్యాల దిక్కు జానపద పాటలు తీసి విడుదల చేస్తున్న చానళ్ల నిర్వాహకులకు, ఆ పాటలు రాసే, పాడే, బాణీ కట్టే మిత్రులకు,

నమస్కారం.

నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది హన్మకొండలో, సొంతూరు పరకాల దిక్కు. మా పెద్దమ్మ కట్టిన పాట కింద రచన అని వేరేవాళ్ల పేరు ఎందుకుందని అడుగుతూ, ఈ లేఖకు ముందు మీలో ఒకరికి రెండు ఉత్తరాలు రాశాను, మూడుసార్లు ఫోన్ చేశాను, ఒకరోజు వాళ్ల ఆఫీసు మెట్ల మీద గంటన్నర కూర్చున్నాను. "సార్ షూటింగ్‌లో ఉన్నడు" అన్నారు. చివరికి ఒక్క మాట జవాబుగా వచ్చింది. ఆ మాట ఏమిటో కింద చెప్తాను. ఆ చానల్ పేరు మాత్రం రాయను. ఒక్కరితో పోయే సంగతి అయితే ఇంత రాయాల్సిన పనే లేదు.

మీ పాటలంటే గిట్టని ముసలాయన ఎవరో రాస్తున్నాడని అనుకోవద్దు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు నా చేతులు టికెట్లు కొట్టేవి, చెవులు పాటలు వినేవి. మేడారం బస్సులో ములుగు దాటాక ఆడవాళ్లు ఎత్తుకున్న పాట తాడ్వాయి దాకా తెగేది కాదు. నాట్ల కాలంలో మొదటి ట్రిప్పు బస్సంతా కూలికి పోయేవాళ్లే. ఒకామె అందుకుంటే వెనక సీట్ల వాళ్లు వంత పాడేవారు. రిటైరయ్యాక ఆ లోటు తీర్చింది మీరే. కొత్తగా ఏ పాట వచ్చినా వింటాను. విన్నది నోటుబుక్కులో ఎక్కిస్తాను. ఎడమ పేజీ పాటలకు, కుడి పేజీ చదివిన పుస్తకాలకు. స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు రాసిన అలవాటు కదా, గళ్లు గీసి పెట్టుకున్నాను: పాట, రచన, బాణీ, గొంతు, డప్పు, నా మార్కులు.

కుడి పేజీలో ఒక్క గడి ఖాళీ ఉండదు. పుస్తకం అట్ట మీదే రాసినవాళ్ల పేరుంటుంది. లోపల అచ్చయిన సంవత్సరం, అట్ట బొమ్మ వేసినవాళ్లు, ఆఖరికి ప్రెస్సు పేరు కూడా ఉంటాయి. ఎడమ పేజీలో సగానికి పైగా గళ్లు ఖాళీ. నిండినవాటిలో కూడా కొన్ని అబద్ధాలని ఇప్పుడు తెలిసింది.

ముందు ఈ మధ్య వచ్చిన పాటలకు నేను వేసిన మార్కులు చెప్తాను. ఎవరి పేరూ ఎత్తను, ఎవరిదో వాళ్లకే తెలుస్తుంది. 2026 జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర జరిగింది. దానికి నెల ముందు నుంచే సమ్మక్క పాటలు జాతర బస్సుల లెక్క ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ఎక్కువ వాటిలో అదే బీటు, అదే డ్రోన్ షాటు, జంపన్నవాగులో అదే మునక. పది పాటలు వింటే తొమ్మిదింటిని విడదీసి చెప్పలేను. ఒక్కదానికి మాత్రం పదికి తొమ్మిది వేశాను. చిలకలగుట్ట నుంచి అమ్మ దిగుతుంటే జనం గుండె ఎట్ల కొట్టుకుంటదో ఆ పాటలో డోలు మీద వినిపించింది. పాడిన ఆమె గొంతుకు కంప్యూటర్ పూత పుయ్యలేదు, దగ్గర కూర్చుని పాడినట్టుంది. ఆ డోలు కొట్టింది ఎవరో రాయలేదు. నా బుక్కులో ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

బావా మరదళ్ల పాటలకు నేను శత్రువును కాను. నా పెండ్లిలో మా మరదళ్లు పాడినవి ఇక్కడ రాస్తే ఈ లేఖను ఎవరూ చదవనివ్వరు. కాని "పిల్లో", "మామో" తీసేస్తే ఖాళీ డబ్బా మిగిలే పాటలు మరీ ఎక్కువైపోయాయి. వాటికి నాలుగు దాటి ఇవ్వలేకపోయాను. దుబాయి పోయిన మొగుని మీద వచ్చిన ఒక పాట మాత్రం మూడు రోజులు నన్ను వదల్లేదు. ఇంటికి పెట్టె వచ్చిందంటే ఆమె ముందు పరుగెత్తి, తర్వాత ఆగిపోతుంది, ఎందుకంటే గల్ఫ్ నుంచి ఏ పెట్టె వచ్చిందో దగ్గరికి పోతేగాని తెలియదు. అట్లాంటి చరణం కట్టిన మనిషి ఎవరు? వీడియో కింద "టీం వర్క్" అని ఉంది.

ఇక కుడి పేజీ. ఇప్పుడు చదువుతున్నవి రెండు. ఒకటి బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము'. ఆయన మనవాడే, 1925లో ధర్మసాగరం పక్కన దేవునూరులో పుట్టారు. ఆ పుస్తకం అచ్చయింది 1958లో. నిజం చెప్పాలంటే భాష బరువుగా ఉంది, రోజుకు నాలుగు పేజీలు దాటడం లేదు. మధ్యలో రెండుసార్లు పక్కన పెట్టాను కూడా. కాని మా అమ్మ తిరగలి దగ్గర పాడినలాంటి పాటలు అచ్చులో కనపడేసరికి మళ్లీ పట్టుకున్నాను. అన్ని పాటల మీద అంత పని చేసిన మనిషి ఒక్క పాట కింద కూడా "రచన: రామరాజు" అని రాసుకోలేదు.

రెండోది రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో'. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన యువకుడు. 2024లో ఈ పుస్తకానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే బంజారా ఆడవాళ్లు దుఃఖంతో పాడుకునే పాట. తండా మాటలు మధ్యమధ్య నాకు అడ్డం పడ్డాయి, అయినా ఆ మాటలు తీసేసి ఉంటే పుస్తకంలో ప్రాణం ఉండేది కాదు. ఏడ్చే పాటను ఏడ్చే పాటగానే ఉంచాడు. దాన్ని తెచ్చి డ్యాన్సు పాట చెయ్యలేదు. ఈ మాట ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్తాను.

మా అమ్మ వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు. పెద్దమ్మ, అమ్మ, చిన్నమ్మ. చిన్నమ్మను భీమండిలో మగ్గం పని చేసే ఆయనకు ఇచ్చారు. అప్పట్లో మా దిక్కు నుంచి పద్మశాలీలు ఎంతోమంది భీమండి, సూరత్, షోలాపూర్ పోయి బతికారు. చిన్నమ్మను కాజీపేటలో రైలెక్కించి వచ్చిన మర్నాడు, పెద్దమ్మ బావి కాడ రెండు బిందెలు పట్టుకుని నిలబడి పాట అందుకుందట. రోజూ ఇద్దరు పోయే చోటికి ఒక్కతే పోయింది గదా. ఇట్లా ఉంటుంది:

భీమండి బండెక్కి పోయేటి చెల్లె
బిందెడు నీళ్లకైన మళ్లి రావె

చరణాలన్నీ ఆ రోజే కట్టినవి కావు. అక్కడి నీళ్లు నోట పెట్టలేకపోతున్నానని చిన్నమ్మ ఉత్తరం రాయించినప్పుడు ఒకటి, మొదటి కాన్పుకు రాలేకపోయినప్పుడు ఒకటి. చిన్నమ్మ అక్కడే చనిపోయింది. ఆ కబురు వచ్చిన ఏడాది బతుకమ్మకు పెద్దమ్మ చివరి చరణం కట్టింది. అది ఇక్కడ రాయను. మా ఊరి ఆడవాళ్లంతా ఆ పాట పాడతారు. అది పెద్దమ్మ పాట అని అందరికీ తెలుసు.

మూడేళ్ల కిందట బతుకమ్మకు ముందు ఇద్దరు పిల్లలు మా ఊరికి వచ్చారు. మర్యాదస్తులే. "అవ్వా, పాత పాటలు పాడవా" అని అడిగితే పెద్దమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ పోసి, నాలుగు పాటలు పాడింది. ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. పోతూ పోతూ కాళ్లు మొక్కి రెండు వందలు చేతిలో పెట్టారు. ఏడాది తిరిగాక వచ్చిన పాట ఇది:

భీమండి బండెక్కి పోయేటి పిల్ల
బిందాసుగ నా ఎంట వచ్చిపోవె

బాణీ అదే. చెల్లె పోయి పిల్ల అయింది. బావి కాడ ఏడ్చిన పాటకు ఇరవై మంది స్టెప్పులు వేశారు. కింద రచన అని ఒకరి పేరు, సంగీతం అని ఇంకొకరి పేరు. పెద్దమ్మ పేరు లేదు, ఊరి పేరు లేదు, సేకరణ అన్న మాట కూడా లేదు. మా మనవరాలు ఫోన్‌లో పెట్టి చూపిస్తే పెద్దమ్మ మొత్తం చూసింది. కోపం రాలేదు ఆమెకు. "చెల్లెను ఏం జేసిన్రు బిడ్డా?" అని ఒక్కటే అడిగింది.

దానికి జవాబు తెద్దామనే నేను ఆఫీసు మెట్లెక్కింది. అక్కడ ఒక కుర్రవాడు నవ్వుతూ చెప్పిన మాట: "జానపదానికి ఓనర్ ఎవరుంటరు అంకుల్?"

ఆ మాటలో సగం నిజం ఉంది. తిరగలి పాటకు, నలుగు పాటకు, ఎన్నో బతుకమ్మ పాటలకు ఎవరు కట్టారో తెలియదు. నోటి నుంచి నోటికి వచ్చి ఊరి పాటలయ్యాయి. వాటిని తీసుకోండి, పాడండి, కొత్త వాయిద్యాలు పెట్టండి, ఎవరూ వద్దనరు. పాటలు బతికేదే అట్ల. నేనడిగేది ఒక్కటే: ఓనర్ లేని పాట కింద రచన అని నీ పేరు ఎట్ల వచ్చింది తమ్ముడూ? ఎవరిదీ కానిది నీదీ కాదు గదా. ఇక పెద్దమ్మ పాటలాంటి వాటికి కట్టిన మనిషి ఉంది, అరుగు మీద కూర్చుని ఉంది, మీకు చాయ్ పోసింది.

చదువు రాని ముసలామె నోటితో కట్టింది రచన ఎట్లవుతుందని లోలోపల అనుకునేవాళ్లు ఉంటే, అందెశ్రీగారిని గుర్తు చేస్తాను. రేబర్తి ఆయన ఊరు. బడికి పోలేదు. గొడ్లు కాసుకుంటూ, పని చేసుకుంటూ పాట కట్టిన మనిషి. ఆయన 'జయ జయహే తెలంగాణ' ఉద్యమంలో ప్రతి సభలో, ప్రతి బడిలో పాడారు, 2024 జూన్‌లో రాష్ట్ర గీతంగా పాడుకున్నాం. 2025 నవంబర్ 10న ఆయన పోయిన రోజు మా వాడలో రిక్షా తొక్కే ఆయన కూడా "మన అందెశ్రీ పోయిండు" అన్నాడు. పాటతో పాటు పేరు కూడా ఊరూరు తిరిగింది గనుక అనగలిగాడు.

పేరు రాయకపోతే ఏం మునిగిపోతుందని అడుగుతున్నారు. మునిగేది ఎవరో వరుసగా చెప్తాను.

1. పాట కట్టిన మనిషి బతికుండగానే ఆమె పాట ఆమెది కాకుండా పోతున్నది. పోయిన దసరాకు మా ఊరి ఆడపిల్లలు సద్దుల బతుకమ్మ నాడు పెద్దమ్మను మధ్యన కూర్చోబెట్టి అసలు పాట పాడి, యూట్యూబ్‌లో పెట్టారు. వాయిద్యం లేదు, చప్పట్లే. వారం లోపల కాపీరైట్ క్లెయిం వచ్చింది. ఆ బాణీ ఫలానా చానల్‌దట! పాటలను పోల్చి చూడడానికి యూట్యూబ్ పెట్టుకున్న కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు రికార్డింగునే కాదు, పాడే బాణీని కూడా పోల్చి పట్టుకోగలదు. ఎవరు ముందు పాట ఎక్కించి హక్కు మాదని చెప్పుకుంటే అది వాళ్ల వైపు నిలబడుతుంది. మా మనవరాలు అభ్యంతరం పెట్టింది. క్లెయిం వేసినవాళ్లకు జవాబు చెప్పడానికి 30 రోజులు గడువు ఉంటుంది. వాళ్లు క్లెయిం వదలం అన్నారు. ఇంకా ముందుకు పోతే చానల్ మీద స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు గుర్తు, పడుతుందేమోనని టెన్షన్‌తో పిల్ల వీడియో తీసేసింది. మా ఊరి పాట మా ఊరు పాడుకుంటే తప్పయింది. ఈ ఒక్క సంగతి జరగకపోతే నేను ఈ లేఖ రాసేవాణ్ని కాదేమో. పేరు రాయకపోవడం మరుపు అనుకునేవాణ్ని. క్లెయిం వెయ్యడం మరుపు కాదు.

2. డప్పు, డోలు, కిన్నెర, తంబుర వాయించేవాళ్లకు బయటి నుంచి పిలుపు రావడం లేదు. పాట హిట్టయితే పెండ్లికి, గణపతి పందిరికి హీరో హీరోయిన్లను పిలుస్తున్నారు. డోలు కొట్టిన ఒగ్గు కళాకారుడు ఎవరో తెలిస్తేగదా ఆయనకు ఫోన్ చేసేది. ఈ కులవృత్తుల మీద బతికే ఇళ్లకు ఏడాదిలో పని దొరికేదే కొన్ని నెలలు.

3. ముసలితనంలో కళాకారుల పింఛనుకో, గుర్తింపు కార్డుకో పోతే ఆధారం చూపమంటారు. లక్షల మంది చూసిన వీడియో కంటే ఆధారం ఏముంటుంది? దాని కింద పేరుంటేగదా.

4. పేరు తెలిస్తే ఆపదలో చెయ్యి అందుతుంది. 2023లో వచ్చిన 'బలగం' సినిమా చివర దుగ్గొండికి చెందిన బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటకు థియేటర్లో ఏడవని మనిషిని నేను చూడలేదు. నేను పక్క సీటాయన కండువా అడిగి తీసుకున్నాను. తర్వాత మొగిలయ్యకు కిడ్నీలు చెడి మంచాన పడితే, ఆయన ఎవరో జనానికి తెలుసు గనుక సాయానికి ముందుకొచ్చినవాళ్లు వచ్చారు. 2024 డిసెంబర్ 19న వరంగల్‌లో కన్ను మూశారు. ప్రాణం దక్కలేదు, నిజమే. కాని దిక్కు లేకుండా పోలేదు. ఆ సినిమాలోనే మరో పాట రాసినందుకే మన వరంగల్ కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. పాట ఎవరిదో రాసి ఉంది గనుక వచ్చింది.

5. కథ మారిపోతున్నది. సమ్మక్క కథ కోయవాళ్ల పడిగెల మీద, అంటే కథ బొమ్మలున్న గుడ్డల మీద, డోలు కొట్టి కథ పాడే డోలివాళ్ల పాటల్లో ఉంది. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్యగారు ఆ పాటలు పాడినందుకే 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. ఈ జాతరకు వచ్చిన పాటల్లో కోయ డోలి కళాకారులు ఫలానావాళ్లు చెప్పిన కథ ఇది అని రాసిన పాట నా కంట ఒక్కటీ పడలేదు. రేపటి పిల్లలకు డ్రోన్ షాట్ల పాటే అసలు కథ అవుతుంది.

6. మీకు కూడా నష్టమే. 2021లో 'సారంగదరియా' అనే జానపద పాట సినిమాలోకి వచ్చినప్పుడు, దాన్ని వెతికి ముందే పాడిన జానపద గాయని తన పేరు అడిగితే టీవీల్లో ఎంత చర్చ జరిగిందో మీరంతా చూశారు. అప్పుడు మీలో చాలామంది ఆమె వైపే మాట్లాడారు. రేపు మీ పాట సినిమావాళ్లు ఎత్తుకుపోతే ఏ మొహంతో అడుగుతారు?

చట్టం గురించి నాలుగు మాటలు. నేను లాయర్‌ను కాను, తెలిసినాయన దగ్గర కూర్చుని చెప్పించుకున్నాను. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రాసినవాళ్లకు పోదు. రచనను వాళ్ల గౌరవానికి భంగం కలిగేటట్టు వక్రీకరిస్తే అడ్డు చెప్పవచ్చు. 2012లో చేసిన సవరణతో పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు కూడా ఇలాంటి హక్కే వచ్చింది, అది 38బీ సెక్షన్. ఆ చట్టం లెక్కలో పాడినవాళ్లంటే స్టూడియోలో పాడినవాళ్లే అని ఎక్కడా లేదు. అరుగు మీద పాడిన పెద్దమ్మ కూడా అందులోకి వస్తుంది. కేసు వెయ్యమని మా మనవడు నా మీద ఒత్తిడి తెస్తున్నాడు. నాకు కోర్టు చుట్టూ తిరిగే వయసు లేదు, మీతో తగాదా పెట్టుకునే కోరిక అసలే లేదు. మీరు తీసిన గల్ఫ్ పాటకు నేను ఏడ్చాను. అందుకే అడుగుతున్నాను.

ఇక నా డిమాండ్లు. వీటిలో పైసా ఖర్చు లేనివే ఎక్కువ.

1. మీరు కొత్తగా కట్టిన పాటకు రచన అని మీ పేరు దర్జాగా రాసుకోండి. ఊళ్లో దొరికిన పాటకు సేకరణ అని రాయండి. పల్లవి ఊరిది, చరణాలు మీవి అయితే ఆ మాటే రాయండి. సేకరణ అన్నది చిన్న మాట కాదు. దేవునూరు రామరాజుగారికి సరిపోయిన మాట మీకు నామోషీ కావద్దు.

2. పాడి వినిపించిన మనిషి పేరు, ఊరు, మండలం. వాళ్లు ఒప్పుకుంటేనే. కొందరు ఆడవాళ్లు పేరు వద్దంటారు, అప్పుడు ఊరి పేరు చాలు.

3. వాయించిన ప్రతి ఒక్కరి పేరు. కెమెరా అసిస్టెంట్ పేరు, లొకేషన్‌లో అన్నం పెట్టినాయన పేరు రాస్తున్నారు, సంతోషం. డోలుకు కూడా ఒక వరుస ఇవ్వండి.

4. సేకరించిన పాట బాణీ మీద కాపీరైట్ క్లెయిం వెయ్యవద్దు. ఇప్పటికే వేసి ఉంటే వదిలెయ్యండి. మీ రికార్డింగు మీది, దాన్ని ఎవరైనా ఎత్తి పెట్టుకుంటే అడగండి, న్యాయమే. బాణీ మీద పూర్తి హక్కు మాదేనని చెప్పాలంటే అది నిజంగా మీ ఒక్కరిదే అయి ఉండాలి. అట్ల కాదని మీకు తెలుసు.

5. డబ్బు. ఇక్కడ కొంచెం వివరంగా రాయాలి. చీర పెట్టడం, కాళ్లు మొక్కడం, రెండు వందలు చేతిలో పెట్టడం మంచి మర్యాదలే, కాని వాటిని పాట ధర అనుకోవద్దు. పాట కట్టిన మనిషి కళ్లముందు ఉన్నప్పుడు తెలుగులో ఒక పేజీ కాగితం రాయండి. ఏ పాట, ఎంత ఇస్తున్నారు, పాట డబ్బులు తెస్తే అందులో వాటా ఎంత. చదువు రానివాళ్లకు చదివి వినిపించండి, పక్కన వాళ్లింటి పిల్ల ఒకరు ఉండాలి. పెట్టుబడి తిరిగి రాని పాటలే ఎక్కువని మీరంటారు, ఒప్పుకుంటాను. కెమెరాలు, డ్యాన్సర్లు, స్టూడియో అన్నిటికీ అప్పులు తెచ్చి తీస్తున్న కుర్రవాళ్లు మీలో ఉన్నారని తెలుసు. అందుకే ముందే లక్షలు ఇమ్మనడం లేదు. వస్తే పంచుకోండి అంటున్నాను. టికెట్ డబ్బుల్లో రూపాయి తేడా వచ్చినా జేబులోంచి కట్టిన మనిషిని నేను. లెక్క రాసి ఉంటే గొడవ రాదు.

6. మాటలు మారిస్తే అడిగి మార్చండి. అప్పగింత పాటను, ఏడ్చే పాటను తీన్‌మార్ చెయ్యాలనిపిస్తే, కనీసం అసలు పాటను ఆ మనిషి గొంతుతోనే పక్కన పెట్టండి. వినేవాళ్లు రెండూ వింటారు. నాకైతే అసలు పాటే నచ్చుతుందని ముందే చెప్తున్నా.

7. ప్రతి పాట సాహిత్యం ఒక కాగితం మీద రాసి, పేర్లతో సహా, మీ జిల్లా గ్రంథాలయంలో ఇవ్వండి. హన్మకొండవాళ్లకు 1904 నాటి రాజరాజ నరేంద్ర భాషానిలయం ఉంది. ఫోన్లు మారతాయి, చానళ్లు మూతపడతాయి. చల్లగరిగ నుంచి ఆస్కార్ దాకా పోయిన చంద్రబోస్‌గారు తిరిగి వచ్చి సొంతూళ్లో గ్రంథాలయమే కట్టించారు. పాటకు, పుస్తకానికి చుట్టరికం ఏమిటో ఆయనకు తెలుసు.

పాత పాటలు ఇప్పుడెట్ల మారుస్తామని అనవద్దు. వీడియో మళ్లీ పెట్టే పని లేదు, వ్యూస్ ఎక్కడికీ పోవు. కింద వివరాల్లో రెండు వరుసలు దిద్దితే అయిపోతుంది, పాటకు ఐదు నిమిషాలు. ఈ ఎంగిలిపూల బతుకమ్మ లోపల చెయ్యండి. మీరు దిద్దిన ప్రతి పాటకూ నా బుక్కులో ఖాళీ గడి నింపుతాను, మార్కులు కూడా మళ్లీ చూస్తాను.

వినేవాళ్లకు కూడా ఒక మాట. పాట కింద "సూపర్ అన్నా" అని రాసే ముందు "ఇది ఏ ఊరి పాట అన్నా?" అని అడగండి. పది మంది అడిగితే పక్కకు పెడతారు, వెయ్యి మంది అడిగితే రాస్తారు.

చివరగా, మూడేళ్ల కింద మా ఊరికి వచ్చిన ఆ ఇద్దరు పిల్లలకు. మీరు చానల్‌వాళ్లకు రికార్డింగ్ ఇచ్చినప్పుడు పెద్దమ్మ పేరు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పే ఉంటారని ఆమె నమ్ముతున్నది. "మంచి పిల్లలు బిడ్డా, వాళ్ల తప్పు గాదు" అంటుంది. ఆ రోజు మీరు తొందరలో ఉన్నారని నాలుగే పాడింది. ఇంకా పదకొండు పాటలున్నాయట, మొన్న వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. సాయంత్రం నాలుగు దాటాక అరుగు మీదే ఉంటుంది. చెవి కొంచెం మందగించింది, దగ్గర కూర్చుని అడగాలి. వచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి.

ఇట్లు,
పరకాల దిక్కు మనిషి,
రిటైర్డ్ కండక్టర్, హన్మకొండ